ఇంటి నుంచి పని: 2020 నుంచి వాడుతున్నవాడి సమీక్ష

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆఫీసు లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాను. రెండు మూడు వారాల ముచ్చట అనుకున్నది ఇంకా సాగుతోంది. మా బృందం మొత్తం ఇళ్ల నుంచే పనిచేస్తుంది, ఎప్పుడైనా ఆఫీసుకు వెళ్లి ముఖం చూపించి వస్తే చాలు. ఇన్నాళ్ల తర్వాత నా మార్కులు ఐదుకు మూడున్నర.

బెంగళూరులో మారతహళ్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా, సిల్క్ బోర్డు కూడలి దాటి ఎలక్ట్రానిక్ సిటీకి ఆ ట్రాఫిక్‌లో వెళ్లి వచ్చినవాళ్లకు ఆ మూడున్నర ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. 2022 సెప్టెంబరు వానలకు రింగ్ రోడ్డు పరిసరాలు మునిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్తుంటే నేను ఇంట్లో కాఫీ తాగుతూ వార్తలు చూశాను.

అయితే రోడ్డు మీద మిగిలిన సమయంలో సగం మళ్లీ ఆఫీసే తీసుకుంది. అమెరికా పశ్చిమ తీరం వాళ్లతో కాల్ ఉంటుంది, వాళ్లకు ఉదయం 9 అంటే మనకు వేసవిలో రాత్రి 9:30. నవంబరులో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక 10:30. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ‘క్యాబ్ వెళ్లిపోతుంది’ అంటే ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. ఇప్పుడా సాకు లేదు. భోజనం ఆ కాల్‌కు ముందా, తర్వాతా అన్నది మా ఇంట్లో ఇంకా తేలని తగువు.

స్నేహితులు దూరమవుతారని అందరూ భయపెట్టారు. వాళ్లెక్కడికీ పోలేదు, ఫోను చేస్తే పలుకుతారు. పోయినవాళ్లు ముఖపరిచయస్తులు. పక్క బృందంలో కర్నూలు అతను ఒకడుండేవాడు, ఇంటిపేరు కూడా తెలియదు. అద్దె ఇల్లు ఎక్కడ ఖాళీ అయింది, సంక్రాంతికి ఏ బస్సులో సీట్లు మిగిలాయి అన్నీ లిఫ్టు దగ్గరే చెప్పేవాడు. అలాంటి మనిషికి ఏమని ఫోను చేస్తాం? నా కన్నడం కూడా అలాగే ఆగిపోయింది. క్యాబ్ డ్రైవరుతో, క్యాంటీన్‌లో వచ్చీరాని మాటలతో నేర్చుకున్నది అది. మా వీధిలో కూరగాయల బండి నుంచి ఆంధ్రా మెస్సు దాకా తెలుగుతోనే గడిచిపోతుంది. దాంతో ‘ఊట ఆయ్తా’ (భోజనమైందా) దాటి ముందుకు సాగలేదు.

కొత్త పరిచయాలు పార్సిళ్ల పుణ్యమా అని వచ్చాయి. పగలు ఇంట్లో ఉండే మగవాణ్ని మా అంతస్తులో నేనొక్కణ్నే. అందుకని అందరి పార్సిళ్లూ, గ్యాస్ సిలిండర్లూ, పనిమనిషికి ఇవ్వాల్సిన తాళాలూ మా గుమ్మానికే చేరతాయి. 2024 వేసవిలో నగరంలో వేల బోర్లు ఎండిపోయినప్పుడు నీళ్ల ట్యాంకరుకు కాపలా కూడా నాకే పడింది. విసుగే, కానీ ఉగాదికి పై ఇంటావిడ ఒబ్బట్లు పంపేది ఈ చాకిరీ వల్లేనని నా అనుమానం.

ఇంట్లో జరిగే మార్పు గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. నా భార్య బడిలో పాఠాలు చెబుతుంది. రోజంతా పిల్లలతో అరిచి, నిశ్శబ్దం కోరుకుంటూ వస్తుంది. నేనేమో రోజంతా మ్యూట్‌లో కూర్చుని ఒక్క మాట కోసం కాచుకుని ఉంటాను. ఆమె చెప్పులు విప్పకముందే మొదలుపెడతాను. ఇప్పుడు ఆమె టీ తాగేదాకా నేను అలా వీధి చివరి వరకు నడిచి వస్తున్నాను. ఈ సమీక్షలో అందరికీ పనికొచ్చే చిట్కా ఇదొక్కటే కావచ్చు.

సొంతూరు అనంతపురం దగ్గర కావడం నాకు కలిసొచ్చింది. పండుగకు వారం ముందే వెళ్లి అక్కడి నుంచే పనిచేస్తాను. కాకపోతే మా నాన్నకు కాల్ అంటే కబుర్లే. ‘పనేం చేయడం లేదు, మాట్లాడుతున్నాడంతే’ అని వచ్చినవాళ్లను నేరుగా నా గదిలోకి పంపిస్తాడు.

సామాను విషయానికి వస్తే, భోజనాల బల్ల కుర్చీ నడుముకు పనికిరాదు, మంచి కుర్చీ కొనండి. వానాకాలం కరెంటు పోతుంది కాబట్టి రౌటరుకు చిన్న యూపీఎస్ తప్పనిసరి.

చంటిపిల్లలో, పెద్దవాళ్లో ఇంట్లో ఉంటే ఈ పద్ధతి వదులుకోకండి. ఊరికి కొత్తగా వచ్చి, పీజీ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకునే కుర్రవాళ్లకు మాత్రం నేను సిఫార్సు చేయను. పనిచేసే మంచం మీదే నిద్రపోవాలి, పరిచయమయ్యేది ఆ ముగ్గురే. మిగతావాళ్లు ఒప్పుకునే ముందు ఇంట్లో తలుపు వేసుకునే గది ఒకటి ఉందో లేదో చూసుకోండి.