హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి కొలెస్ట్రాల్ బిళ్ళ: వేసుకుంటే మేలా, మానితే మేలా?

కేజీహెచ్ దిగువన మా మందుల షాపు. ఒకాయన చీటీ చేతిలోనే పట్టుకుని, పక్కనున్న మనిషి వెళ్లేదాకా ఆగాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏఆర్‌టీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను బాబూ. ఇప్పుడు కొలెస్ట్రాల్‌కి కూడా రాశారు. ఇది వాడితే షుగర్ వస్తుందట, నిజమేనా? మా అమ్మ షుగర్‌తోనే పోయింది" అన్నాడు.

ఏఆర్‌టీ అంటే హెచ్‌ఐవీని అదుపులో పెట్టే మందులు. ఇక షుగరంటారా, కొందరికి వచ్చే మాట నిజమే. రిప్రీవ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంతో కలిపి 12 దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ల హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 7,769 మంది. సగం మందికి పిటవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ బిళ్ళ 4 మి.గ్రా., సగం మందికి మందు లేని ఉత్త బిళ్ళ. అయిదేళ్లలో షుగర్ వచ్చింది మందు వాడినవాళ్లలో 5.3 శాతం మందికి, వాడనివాళ్లలో 4 శాతం మందికి. అంటే వందకి ఒకరు ఎక్కువ.

మరి గుండెపోటు, పక్షవాతం లాంటివి? 35 శాతం తగ్గాయి. వినడానికి ఘనంగా ఉన్నా, విడమరిచి చూస్తే అయిదేళ్లకి ఇదీ వందకి ఒకరే. లెక్క ఇంచుమించు సరిపోయింది కదా, ఇంకెందుకు అంటారేమో. షుగర్‌ని ముందే పట్టుకుంటే మందుతో, ఆర్కే బీచ్‌లో పొద్దుటి నడకతో అదుపులో పెట్టొచ్చు. గుండెపోటుతో చచ్చిన కండ మళ్లీ రాదు. పైగా హెచ్‌ఐవీ ఉంటే గుండె జబ్బు ముప్పు మామూలు వాళ్లకంటే దాదాపు రెట్టింపు. అందుకే నా ఓటు వేసుకోవడానికే.

ఇక ఏ బిళ్ళ? సిమ్వాస్టాటిన్ అయితే, హెచ్‌ఐవీ మందుల్లో రిటోనావిర్ వాడేవాళ్లు ముట్టుకోకూడదు. సిమ్వా రక్తంలో పేరుకుపోయి కండరాలు దెబ్బతింటాయి. డోలుటెగ్రావిర్ ఉన్న హెచ్‌ఐవీ మాత్ర వాడేవాళ్లకి అటోర్వాస్టాటిన్ (అటోర్వా), రోసువాస్టాటిన్ (రోసువా) రెండూ నడుస్తాయి. అటాజనావిర్-రిటోనావిర్ అనే హెచ్‌ఐవీ మందుల జోడీ మీద ఉంటే రోసువా 10 మి.గ్రా. దాటకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీదే పరీక్షించి, గుండెని కాపాడుతుందని రుజువైంది పిటవా. కాకపోతే "పిటవాతో షుగర్ రాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి, పైన చెప్పిన లెక్క పిటవాదే.

ఆయన చీటీలో ఉన్నది రోసువా, వాడుతున్నది డోలుటెగ్రావిర్ మాత్ర. మొదలుపెట్టే ముందే మూడు నెలల సగటు షుగర్ టెస్ట్ గురించి డాక్టర్‌ని అడగమన్నాను. ఒకవేళ షుగర్ వచ్చి మెట్‌ఫార్మిన్ రాస్తే, ఏఆర్‌టీ సంగతి దాచొద్దని కూడా చెప్పాను. డోలుటెగ్రావిర్‌తో కలిస్తే మెట్‌ఫార్మిన్ రక్తంలో పెరుగుతుంది, అందుకే మామూలుగా రోజుకి 1,000 మి.గ్రా. దాటనివ్వరు.

"ఈ డాక్టర్‌కీ చెప్పాలా?" అన్నాడు. కవరు వద్దని, స్ట్రిప్ మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.