7 ఏళ్లు తిప్పిన డీజిల్ బండి, నా కోపమంతా ఒక్క వాల్వు మీదే

మైలేజీ, ఏసీ, సీట్ల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. 92 వేల కిలోమీటర్లు తిరిగాక నాకు మిగిలిన కక్ష ఈజీఆర్ వాల్వు, అంటే ఇంజిన్ పొగ దారిలో ఉండే చిన్న తలుపు, దాని మీదే.

పోయిన శ్రావణంలో అమలాపురం నుంచి రాజమండ్రి పెళ్లికి బయల్దేరాం. జొన్నాడ వంతెన ఎక్కేసరికి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, ఎంత తొక్కినా బండి 40 దాటడం లేదు, వెనకాల నల్లటి పొగ. కింద గోదారి ఎర్రగా పరవళ్లు, వెనక లారీ హారన్, పక్కన మా ఆవిడ "పెట్రోలు బండి కొనమన్నానా లేదా" అని. ముహూర్తానికి అందలేదు, భోజనాలకి అందాం.

మర్నాడు మెకానిక్ విప్పి చూపిస్తే వాల్వు తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది, గీకితే తారులా మసి ముద్దలు. అసలు దాని పని మంచిదే. సైలెన్సర్‌కి పోయే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతుంది. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ, అది మండదు, వేడి మాత్రం పీల్చుకుంటుంది, దాంతో మంట వేడి తగ్గి, గాలిని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. గట్టిగా తొక్కినప్పుడు వాల్వు మూసుకోవాలి. నాది మూసుకోలేదు, గాలి చాలక పొగ కక్కింది.

బండి కొత్తలో ఇదే కొనమని నలుగురికి చెప్పినవాణ్ణి నేనే. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, అప్పట్లో నాకు వారం వారం విశాఖ ప్రయాణం ఉండేది. ఇప్పుడు కాలవ గట్ల మీద రెండో గేరులో కొబ్బరి తోటకి, సంతకి, అంతే. నెమ్మదిగా నడిపినప్పుడే పొగ ఎక్కువగా లోపలికి తిరిగొస్తుంది, ఇంజిన్ ఆయిల్ ఆవిరి కలిసి జిడ్డు మసి పేరుకుంటుంది. పూడిక తీయని కాలవలా, శివారు చేలకి నీళ్లందవు.

రేకు ముక్క పెట్టి ఆ పొగ దారి మూసేద్దామన్నాడు మెకానిక్. వద్దన్నాను, అలా చేస్తే కాలుష్యం పెరుగుతుంది, పైగా చట్టం ఒప్పుకోదు. కడిగించడానికి 4 వేలయింది.

రోజూ హైవే మీద తిరిగేవాళ్లు నిక్షేపంగా కొనుక్కోండి. నాలా ఊళ్లోనే తిప్పేవాళ్లయితే ఆలోచించండి. ఇప్పుడు ఆదివారాలు తణుకు దాకా కాస్త జోరుగా వెళ్లొస్తున్నాను, పట్టిన మసి పోదు గానీ కొత్తది నెమ్మదిగా పడుతుందని. 8 నెలలుగా లైటు వెలగలేదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే మాత్రం బండి కొంచెం వణుకుతోంది, మళ్లీ ఇదేనేమోనని అనుమానం.