లినక్స్ వాడేవారికి హెచ్చరిక: ‘అన్ని కంప్యూటర్లతో పనిచేస్తుంది’ అన్న మ్యూజిక్ ప్లేయర్ కొని నష్టపోయాను

లినక్స్ తప్ప విండోస్ వంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ లేని కంప్యూటర్‌తో వాడుకోవడానికి చిన్న మ్యూజిక్ ప్లేయర్ కొనాలనుకునేవారు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. నేను కొన్న ప్లేయర్ పెట్టె మీద ‘అన్ని కంప్యూటర్లతో పనిచేస్తుంది, డ్రైవర్లు అక్కర్లేదు’ అని ముద్రించి ఉంది. లినక్స్ సంగతి ప్రత్యేకంగా అడిగితే, అమ్మినవారు ‘పనిచేస్తుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. అయినా పదకొండు రోజులు తిరిగేసరికి ఆ ప్లేయర్ ఆన్ కాని డబ్బాగా మిగిలింది, వారంటీ కింద తీసుకోవడానికి తయారీదారు ఒప్పుకోలేదు. వారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తీరు ఎన్నో ప్లేయర్లలో ఉంది కనుక, ఒక్క పేరు గుర్తుపెట్టుకుని తప్పించుకున్నవారికి మరో పేరుతో ఇదే దెబ్బ తగలవచ్చు.

మొదటి రోజు కేబుల్ తగిలించగానే ఫైల్ మేనేజర్‌లో ప్లేయర్ పేరు, దాని కింద పాటల ఫోల్డరు కనిపించడంతో నా సందేహాలు తీరిపోయాయి. నిజానికి సందేహించవలసింది అక్కడే. ప్లేయర్ పెన్‌డ్రైవ్ మాదిరిగా డిస్కు రూపంలో రాలేదు, ఎంటీపీ (మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్) పద్ధతిలో వచ్చింది. మాస్ స్టోరేజ్ అనే పాత పద్ధతిలో ప్లేయర్ తన నిల్వ మొత్తాన్ని కంప్యూటర్‌కు అప్పగించి తాను పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు దాని మీద ఏ ప్రోగ్రామ్‌తోనైనా, ఏ కమాండ్‌తోనైనా పని చేసుకోవచ్చు. ఎంటీపీలో తాళాలు ప్లేయర్ దగ్గరే ఉంటాయి. ఒక్కొక్క ఫైలునూ దాన్ని అడిగి తీసుకోవాలి, అడిగి పెట్టాలి, అందులో ఒక్క ట్యాగ్ (పాట పేరు, గాయకుల పేరు వంటి వివరం) సరిదిద్దాలన్నా సాధారణంగా ఫైలు మొత్తం మళ్లీ పంపాలి. మైక్రోసాఫ్ట్ రూపొందించిన ఈ పద్ధతి 2008లో యూఎస్‌బీ ప్రమాణాల్లో చేరింది, లినక్స్‌లో లిబ్‌ఎంటీపీ అనే లైబ్రరీ దీన్ని చాలాకాలంగా నడిపిస్తోంది. కాబట్టి అప్పుడప్పుడూ పది పాటలు పంపుకునేవారికి ఏ ఇబ్బందీ తెలియకపోవచ్చు.

నా దగ్గర 6,000కు పైగా పాటలున్నాయి, వాటిని ఆర్‌సింక్‌తో, అంటే మారిన ఫైళ్లను మాత్రమే కాపీ చేసే ప్రోగ్రామ్‌తో, పంపడం నా అలవాటు. ఆర్‌సింక్ మామూలుగా తాత్కాలిక పేరుతో ఫైలు రాసి, పూర్తయ్యాక పేరు మార్చి, పాత తేదీ తగిలిస్తుంది. ఎంటీపీ మార్గంలో ఆ తేదీ నిలవకపోవడంతో, అది ప్రతిసారీ అన్ని పాటలనూ కొత్తవిగా లెక్కించి మొదటి నుంచి పంపడం మొదలుపెట్టింది. పరిమాణం మాత్రమే పోల్చమని చెబితే కొంత దారికి వచ్చింది కానీ, మధ్యలో బదిలీ తెగిపోవడం మాత్రం ఆగలేదు. ఇంతవరకు జరిగింది విసుగే తప్ప నష్టం కాదు.

నష్టం ఫర్మ్‌వేర్ దగ్గర, అంటే ప్లేయర్‌ను నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్ దగ్గర వచ్చింది. నా పాటల్లో సగం ఓపస్ అనే ఆడియో ఫైలు రకానికి చెందినవి. పెట్టె మీద ఓపస్ పేరు ఉంది, ప్లేయర్ మాత్రం ఆ ఫైళ్లను అసలు చూపలేదు. తయారీదారు పేజీ చూస్తే, ఓపస్ వినాలంటే కొత్త ఫర్మ్‌వేర్ వేసుకోవాలనీ, దాన్ని వేసే ప్రోగ్రామ్ విండోస్‌లో మాత్రమే నడుస్తుందనీ తేలింది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్‌లో దాన్ని నడిపి చూశాను; కిటికీ తెరుచుకుంది కానీ ప్లేయర్ దానికి కనిపించలేదు. ఇలాంటి ప్రోగ్రాములు తమ సొంత డ్రైవర్ ద్వారా పరికరంతో నేరుగా మాట్లాడతాయి, ఆ పని వైన్ చేతిలో ఉండదు. అప్పుడు వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో, విండోస్ పెట్టి, ప్లేయర్‌ను దానికి అప్పగించాను. ఈసారి ప్లేయర్ కనిపించింది, పని మొదలైంది, ముందుకు జరిగే గీత సగం దాకా వెళ్లి ఆగిపోయింది.

ఏం జరిగిందో తరువాత కెర్నెల్ లాగ్ (లినక్స్ కేంద్ర భాగం రాసుకునే చిట్టా) చదివితే అర్థమైంది. ప్రతి యూఎస్‌బీ పరికరానికీ తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య అని రెండు గుర్తులుంటాయి, వాటిని బట్టే ఫలానా పరికరాన్ని వర్చువల్ మెషీన్‌కు ఇవ్వమని నేను చెప్పాను. ఫర్మ్‌వేర్ మార్చుకునే సమయంలో ప్లేయర్ ఒకసారి తనంతట తాను ఆగి, వేరే ఉత్పత్తి సంఖ్యతో మళ్లీ లేచింది. ఆ కొత్త సంఖ్య గురించి నేను చెప్పలేదు కనుక పరికరం వర్చువల్ మెషీన్ చేతి నుంచి జారి లినక్స్ వైపు వచ్చేసింది. అప్పటికే పాత ఫర్మ్‌వేర్ చెరిగిపోయింది, కొత్తది ఎక్కలేదు. కేబుల్ పెడితే ఆ రెండో సంఖ్యతో క్షణకాలం కనిపించి మాయమవడం తప్ప ఆ ప్లేయర్‌లో ఇప్పుడు చలనం లేదు. నిజమైన విండోస్ కంప్యూటర్‌కు తగిలించి కూడా చూశాను, ఫలితం అదే. తొందరపాటు నాదేనని ఒప్పుకుంటాను. కానీ ‘మద్దతు లేని వ్యవస్థలో ఫర్మ్‌వేర్ మార్చారు కనుక వారంటీ వర్తించదు’ అని జవాబిచ్చినవారే, పెట్టె మీద అన్ని కంప్యూటర్ల పేరు చెప్పి అమ్మారు.

కాబట్టి ‘లినక్స్‌తో పనిచేస్తుందా?’ అని ఎవరినీ అడగకండి. ఫైళ్లు కనిపిస్తే చాలు ‘పనిచేస్తుంది’ అనే అంటారు. కొనే ముందు ఆ మోడల్ వాడుక పుస్తకం దింపుకుని, ముందుగా ఫర్మ్‌వేర్ పేజీ చదవండి. ఫైలును మెమరీ కార్డులో పెట్టి, ప్లేయర్ మెనూలోనే అప్‌డేట్ నొక్కమని ఉంటే ఏ కంప్యూటర్ ఉన్నా ఇబ్బంది లేదు. ప్రోగ్రామ్ నడపమని ఉంటే, మిగతా గుణాలు ఎంత బాగున్నా వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. తరువాత చూడవలసింది యూఎస్‌బీ పద్ధతి. కొన్ని ప్లేయర్లు ఎంపిక మనకే వదిలేస్తాయి. పాత సాన్సా క్లిప్ ప్లేయర్ సెట్టింగులలో ఎంటీపీ కావాలో, మాస్ స్టోరేజ్ కావాలో మనమే ఎంచుకునే వీలుండేది. ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్లలో ఆ వీలు ఉండదని ముందే అనుకోవాలి, ఎందుకంటే 2011 నాటి ఆండ్రాయిడ్ 3 నుంచి ఎంటీపీయే వాడుకలోకి వచ్చింది.

బయటికి తీయగల మెమరీ కార్డు ఉంటే ఈ తలనొప్పిలో చాలా భాగం తప్పుతుంది. కార్డును కార్డ్ రీడర్‌లో పెట్టి పాటలు ఎక్కించుకుంటే ప్లేయర్ యూఎస్‌బీ సంగతులతో నిమిత్తమే ఉండదు. 32 జీబీ దాటిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ల అమరిక పద్ధతిలో వస్తాయి. లినక్స్ కెర్నెల్‌లో దీనికి 2019లో 5.4తో తొలి మద్దతు, 2020లో 5.7తో మెరుగైన డ్రైవర్ చేరాయి కనుక కొత్త వ్యవస్థల్లో ఇబ్బంది లేదు. ప్లేయర్‌కు ఫ్యాట్32 అనే పాత అమరిక మాత్రమే తెలిస్తే కార్డును లినక్స్‌లోనే అలా ఫార్మాట్ చేసుకోవచ్చు. అయితే పాట పేరులో ప్రశ్నార్థకమో, కోలనో ఉంటే ఈ రెండు పద్ధతులూ ఒప్పుకోవు. లినక్స్ డిస్కులో అవి నిక్షేపంగా ఉంటాయి కనుక, కాపీ ఫలానా పాట దగ్గరే ఎందుకు ఆగుతోందో తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

పాత ఐపాడ్ తీసుకుని కష్టం తప్పించుకోవాలనుకునేవారికి ఒక మాట. అందులో ఫైలు కాపీ చేసినంత మాత్రాన పాట కనిపించదు, దాని సొంత డేటాబేస్‌లో నమోదు కావాలి. 2007 మోడళ్ల నుంచి ఆ డేటాబేస్‌కు ఒక రకం డిజిటల్ ముద్ర (సరిచూసే సంకేతం) కూడా అవసరమైంది. ఐపాడ్‌ల కోసం లినక్స్‌లో వాడే లిబ్‌జీపాడ్ లైబ్రరీ ఆ పని కొన్ని మోడళ్లకే చేయగలదు. రాక్‌బాక్స్ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ వేసుకుంటే ఫోల్డర్ల నుంచే పాటలు వినవచ్చు, కానీ రాక్‌బాక్స్ జాబితాలో మీ మోడల్ పేరుతో పాటు తరం కూడా సరిపోవాలి. నేను నమ్మిన సమీక్షలు కూడా నా ప్లేయర్ పేరుతోనే వచ్చిన పాత తరం ప్లేయర్ గురించి రాసినవని, అది మాస్ స్టోరేజ్ పద్ధతిలో వచ్చేదని ఆలస్యంగా తెలిసింది.

ఇప్పటికే కొన్నవారు, తిరిగి ఇచ్చే గడువు లోపలే కేబుల్ తగిలించి యూఎస్‌బీ పరికరాల వివరాలు చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్‌ను పూర్తి వివరాలతో నడపండి. ఇంటర్‌ఫేస్ క్లాస్ 8 అని ఉంటే మాస్ స్టోరేజ్. 6 గానీ 255 గానీ కనిపిస్తే చాలావరకు ఎంటీపీయే. ఫర్మ్‌వేర్‌కు విండోస్ ప్రోగ్రామ్ తప్పనిసరి అయి, ఉన్న ఫర్మ్‌వేర్‌తో మీ పాటలు వినిపిస్తుంటే, దాన్ని కదిలించకండి. తప్పనిసరిగా మార్చవలసి వస్తే నేరుగా విండోస్ నడిచే కంప్యూటర్‌ను ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని, బ్యాటరీ నిండాక మాత్రమే మొదలుపెట్టండి.