బీపీ మిషన్ రివ్యూ: యాప్ దండగ, మెమొరీ బంగారం

బ్లూటూత్, యాప్, రంగురంగుల గ్రాఫులు చూసి మోజుపడితే మాత్రం ఈ మిషన్ కొనకండి. ఆ యాప్ తెరుచుకునేలోపు డాక్టరు గారు తర్వాతి పేషెంటును పిలిచేస్తారు. నాకు పనికొచ్చినవి మూడే: మణికట్టుకు కాకుండా జబ్బకు కట్టే పట్టీ, కళ్లజోడు లేకుండా కనబడే అంకెలు, తేదీ టైముతో సహా పాత రీడింగులు దాచుకునే మెమొరీ.

ఇంట్లో కాళ్లు వాస్తున్నాయనీ తల తిరుగుతోందనీ పొద్దస్తమానం చెప్పే మా ఆయన, డాక్టరు ఎదురుగా కూర్చోగానే "బాగానే ఉందండీ" అనేస్తారు. అక్కడ బీపీ చూస్తే ఎప్పుడూ ఎక్కువే. ఇక డాక్టరు మాత్రం ఏం చేస్తారు, కనబడ్డ అంకెను బట్టి డోసు పెంచుతారు. తెల్లకోటు చూడగానే బీపీ పెరిగేవాళ్లు ఉంటారు. అక్కడ మామూలుగా ఉండి ఇంటికొచ్చాక పెరిగేవాళ్లూ ఉంటారు. మనం ఏ బాపతో తేల్చేది ఇంటి రీడింగులే. ఆస్పత్రిలో 140/90 దాటితే ఎక్కువంటారు గానీ, ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85 దాటినా ఎక్కువ కిందే లెక్క.

ఎలా పడితే అలా కొలిచిన అంకెలు తీసుకెళ్తే డాక్టరును తప్పుదారి పట్టించినట్టే. కొలిచే ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. అరగంట ముందు నుంచీ కాఫీ, సిగరెట్టు, వ్యాయామం వద్దు. కాలు మీద కాలు వేసుకున్నా, మాట్లాడినా అంకె పెరుగుతుంది. (ఆయన మౌనంగానే కూర్చుంటారు, నన్ను పక్క గదిలోకి పంపించాక.) నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఇదంతా మాన్యువల్లో ఉంది, భూతద్దం ఉంటే చదవొచ్చు.

కంపెనీ మీద నా అసలు ఫిర్యాదు పట్టీ గురించి. పెట్టెలో వచ్చింది మా ఆయన జబ్బకు చాల్లేదు, పెద్దది విడిగా కొన్నాం. బిగుతైన పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ బీపీ చూపిస్తుంది. టేపుతో జబ్బ కొలత చూసుకుని కొనండి.

ఈసారి ఫోను చూపించకుండా, మెమొరీలోని అంకెల్ని అర కాగితం మీద ఎక్కించి ఇచ్చాను. పైన పెద్ద అక్షరాలతో ఒకటే మాట: "సాయంత్రానికి చీలమండలు వాస్తున్నాయి, డోసు పెంచిన దగ్గర్నుంచీ." కింద ఉదయం సగటు, సాయంత్రం సగటు. ఆ కింద వాడుతున్న మాత్రలన్నీ, మానేసిన పూటలతో సహా. ముఖ్యమైన ముక్క ముందు చెప్పకపోతే దానికి వంతు రాదు. రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నారని 1984లోనే అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది.

కాగితం చూసి డాక్టరు గారు రెండు చోట్ల వేలు పెట్టారు. ఒకటి ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర, వాపు దానివల్ల రావచ్చన్నారు. రెండోది మోకాలి నొప్పికి ఈయన సొంతంగా వేసుకుంటున్న ఐబూప్రొఫెన్. అది బీపీని పెంచుతుందట. ఇన్నాళ్లూ "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే లేదనే చెప్పారు. నొప్పి మాత్ర కూడా మందేనని ఆయన లెక్కలో లేదు మరి! ఆ మాత్ర ఆపించి, బీపీ మందు మార్చారు. లేచే ముందు "అంటే పాతది రేపట్నుంచి పూర్తిగా బంద్, కొత్తది రాత్రికి ఒకటి, అంతేనా అండీ?" అని తిప్పి చెప్పాను. "కాదమ్మా, పొద్దున" అన్నారు.

మిషన్‌ను ఒకసారి మీతోపాటు క్లినిక్కుకు పట్టుకెళ్లి, వాళ్ల దాంతో పోల్చి చూపించుకోండి. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకు ఇలాంటి మిషన్ల అంకెలు సరిగ్గా రాకపోవచ్చు, డాక్టరును అడిగాకే కొనండి. గంటగంటకూ చూసుకుని బెంగపడే మనిషి ఇంట్లో ఉంటే బీరువాలో పెట్టి తాళం వేయండి. అయిదుకు నాలుగు చుక్కలిస్తున్నా. తగ్గించిన ఒక్కటీ పట్టీకే, యాప్‌ను అసలు లెక్కలోకే తీసుకోలేదు.