మూడు ఎండాకాలాలు చూసిన 650 వాట్ల పవర్ సప్లై

2022 దసరాకు, ఏడాదిగా దాచుకున్న డబ్బుతో ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. అప్పటిదాకా నా దగ్గరున్నది జీటీఎక్స్ 1650. అది 75 వాట్ల కార్డు, మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే కరెంటే దానికి సరిపోయేది, విడిగా వైరు పెట్టే పనే ఉండేది కాదు. కొత్త కార్డుకు 200 వాట్లు కావాలి, 8 పిన్నుల కనెక్టర్ కావాలి. హనుమకొండలో కేబినెట్ కొన్నప్పుడు దాంతోపాటే వచ్చిన నా పాత పవర్ సప్లైకి, అంటే గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు మార్చి ఇచ్చే డబ్బాకు, ఆ కనెక్టరే లేదు. డబ్బా మీద మాత్రం 450 అని పెద్దక్షరాలు. షాపులో అడిగితే, "ఏం కాదన్నా, కన్వర్టర్ పెట్టుకో, మంచిగ నడుస్తది" అని రెండు మోలెక్స్‌ల (పాత డిస్కులకు కరెంటిచ్చే నాలుగు పిన్నుల ప్లగ్గుల) నుంచి 8 పిన్నులకు మార్చే వైరు చేతిలో పెట్టారు.

నాలుగు రోజులు నడిచింది. మధ్యలో రెండుసార్లు, రేసింగ్ గేమ్‌లో రేసు మొదలవుతుండగా తెర నల్లబడి సిస్టమ్ మొత్తం ఆగిపోయి మళ్లీ మొదలైంది. డ్రైవర్ తప్పనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. అయిదో రోజు రాత్రి పక్క గదిలోంచి అమ్మ వచ్చి, "ఏందిరా, ఏమో కాలుతున్న వాసనొస్తున్నది?" అంది. గోడ స్విచ్ ఆపి కేబినెట్ పక్క రేకు విప్పాను. కన్వర్టర్ మోలెక్స్ తెల్ల ప్లాస్టిక్, పసుపు వైరు దూరే రంధ్రం చుట్టూ చాయ్ రంగుకు తిరిగింది. లోపలి పిన్ను అతుక్కుపోయి, అటూ ఇటూ కదిపితే గానీ ఊడి రాలేదు. కార్డుకు ఏమీ కాలేదు. అమ్మ ఆ సమయానికి నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రాత్రే మొదటిసారి సెల్ లైటు పెట్టి ఆ సప్లై పక్కనున్న లేబుల్ పూర్తిగా చదివాను. 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పదహార్లు 192. అంటే 450 అని రాసిన డబ్బా నా కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి ఇవ్వగలిగింది 192 వాట్లు! కార్డు ఒక్కదానికే 200 కావాలి. మిగతా లెక్కంతా 5 వోల్టులు, 3.3 వోల్టుల గడుల్లో ఉంది. ఇప్పటి సిస్టమ్‌లో వాటి వాడకం చాలా తక్కువ. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు అన్నీ తాగేది 12 వోల్టుల నుంచే. అందుకే ఈ సమీక్షలో ఒక్క మాటే గుర్తుంచుకునేటట్టయితే ఇది గుర్తుంచుకోండి: డబ్బా మీది పెద్ద అంకె వదిలేసి, 12 వోల్టుల గడిలో ఆంపియర్లు చూసి పన్నెండుతో గుణించండి. మంచి 650 వాట్ల సప్లైలో అక్కడ 54 ఆంపియర్లుంటాయి, అంటే 648 వాట్లు. దాదాపు మొత్తం బలం 12 వోల్టుల మీదే ఉన్నట్టు.

ఇక ఎన్ని వాట్లు కావాలన్న లెక్క. నా ప్రాసెసర్ రైజెన్ 5 3600. పెట్టె మీద 65 వాట్లే ఉంటుంది కానీ గట్టిగా పనిచేసేటప్పుడు 88 దాకా పోతుంది. కార్డుకు 200. బోర్డు, ర్యామ్, రెండు ఎస్ఎస్‌డీలు, ఫ్యాన్లకు ఓ యాభై వేసుకున్నా. మొత్తం 340 దగ్గర ఆగుతుంది. మరి ఈ కార్డు చిప్పు చేసే ఎన్‌విడియా కంపెనీ 3060 టీఐకి 600 వాట్ల సప్లై పెట్టుకోమని ఎందుకంటుంది? ఈ కార్డులు సగటున 200 తీసుకున్నా, మిల్లీసెకన్ల పాటు దానికి చాలా పైకి ఎగిరి దిగుతాయి. మన వాట్ మీటర్‌కు అది కనబడదు గానీ సప్లైకి తెలుస్తుంది. నాసిరకం సప్లై ఆ దెబ్బకు వోల్టేజీ పడేస్తుంది, లేదా ఆగిపోతుంది. నా రేసు మొదలయ్యే క్షణంలో జరిగింది అదే. అన్నీ ఒకేసారి ఫుల్లు లోడ్ మీదికొచ్చే క్షణమది. 2022లోనే వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, రేటింగుకు రెట్టింపు దాకా ఎగిరే అలాంటి దూకుళ్లను 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని పెద్ద సప్లైలకు షరతు పెట్టింది. ఇప్పుడు కొనేవాళ్లు డబ్బా మీద ఆ మాట ఉందేమో చూసుకోండి.

నాకు కావలసింది ఇక్కడ దొరకలేదు. కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయి, 650 వాట్ల గోల్డ్, ఫుల్లీ మాడ్యులర్ (వైర్లన్నీ ఊడదీసి పెట్టుకోగలిగే) సప్లై తెచ్చుకున్నాను. తొమ్మిది వేల లోపు పడింది, పదేళ్ల వారంటీ. కంపెనీ పేరు రాయడం లేదు, ఆ మోడల్ ఇప్పుడు మారిపోయింది కూడా. కోర్సెయిర్, సీసానిక్, కూలర్ మాస్టర్, డీప్‌కూల్ అన్నీ ఈ తరగతిలో అమ్ముతున్నాయి. ఏది కొన్నా చూసుకోవాల్సినవి అవే.

గోల్డ్, బ్రాంజ్ అన్న ముద్రల మీద చాలామందికి భ్రమ ఉంది. 80 ప్లస్ ముద్ర చెప్పేది ఒక్కటే: గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి ఇస్తుందని. 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ మీద బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం రావాలి. లోపలి రక్షణలు, కెపాసిటర్ల నాణ్యత గురించి ఆ ముద్ర ఏమీ చెప్పదు. బిల్లు తగ్గుతుందని గోల్డ్ కొనకండి. 300 వాట్ల లోడ్ మీద తేడా ఓ 20 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడినా ఏడాదికి 30 యూనిట్లు దాటదు. నేను గోల్డ్ తీసుకున్నది వేడి కోసం. వృథా అయ్యే ప్రతి వాటూ వేడిగా ఆ పెట్టెలోనే మిగులుతుంది, మా గదికి మధ్యాహ్నమంతా పడమటెండ.

కొత్తది రాకముందు పాతదాంతోనే 1650 పెట్టి, మల్టీమీటర్‌తో మోలెక్స్ దగ్గర కొలిచాను. గేమ్ నడుస్తుంటే 12 వోల్టులకు 11.5 చూపించింది. ప్రమాణం ప్రకారం 11.4కు కిందికి పోకూడదు. అంటే ఆ చిన్న కార్డుకే అది అంచు మీద నడుస్తున్నది. కొత్తదాంట్లో 3060 టీఐతో అదే గేమ్‌లో 12.0కు తగ్గలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ నల్లతెర ఒక్కసారి కూడా రాలేదు.

కొత్త సప్లై వచ్చాక మూడు సంగతులు బయటపడ్డాయి. ఇవి ఎవరూ ముందు చెప్పరు. మొదటిది, కేబినెట్ అంచు తాకితే చేతికి సన్నగా జిల్లుమనేది. సప్లై పాడని భయపడ్డాను. ఎలక్ట్రీషియన్ తమ్ముడు వచ్చి చూసి, "అన్నా, మీ ప్లగ్గుకు ఎర్తే లేదు" అన్నాడు. మూడో పిన్ను రంధ్రం ఉంది, దాని వెనక వైరు ఎక్కడికీ పోలేదు. మంచి సప్లైలో కరెంటు శుభ్రం చేసే ఫిల్టర్ నుంచి కొద్ది కరెంటు బాడీకి వస్తుంది, అది ఎర్త్‌లోకి పోవాలి. దారి లేకపోతే మన చేతి గుండా పోతుంది. పెరట్లో గుంత తవ్వి, జీఐ పైపు దింపి, ఉప్పూ బొగ్గూ పోయించాం. జిల్లు ఆ సాయంత్రమే పోయింది. ఎండాకాలంలో ఆ గుంతలో వారానికో బిందె నీళ్లు పోస్తున్నాను.

రెండోది యూపీఎస్. నా 600 వీఏ యూపీఎస్ నిజానికి ఇచ్చేది 360 వాట్లే. వాట్ మీటర్ పెట్టి చూస్తే గేమ్‌లో సిస్టమ్ 330 నుంచి 340 తీసుకుంటున్నది, మానిటర్ 30. కరెంటు పోగానే ఒక్క కూత కూసి యూపీఎస్ ఆగిపోయేది. 660 వాట్లిచ్చే 1100 వీఏకు మారాక కుదిరింది. కొత్త కార్డు కొనేటప్పుడు సప్లైతోపాటు యూపీఎస్ వాట్లు కూడా లెక్కేసుకోండి. వీఏ అంకెను వాట్లనుకోకండి.

మూడోది ఇన్వర్టర్. యూపీఎస్ రిపేరుకిచ్చిన వారం రోజులు సిస్టమ్‌ను ఇంటి ఇన్వర్టర్ లైన్ మీద పెట్టాను. కరెంటు పోయిన ప్రతిసారీ రీస్టార్ట్ అయ్యేది, బల్బులు మాత్రం రెప్పకూడా వేయవు. కరెంటు తెగాక సప్లై తన కెపాసిటర్లలో ఉన్నదాంతో ఓ 16, 17 మిల్లీసెకన్లు నిలుస్తుంది. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో అంతకంటే ఆలస్యంగా అందుకుంటుంది. వెనకాల చిన్న స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌కు జరిపితే సమస్య తీరింది.

ఇక ఎండలు. 2023, 2024, 2025 మూడు మే నెలలూ చూసింది. బయట 43 ఉన్న రోజుల్లో మా గదిలో 38, 39 ఉంటుంది. చలికాలంలో దీని ఫ్యాన్ సగం సమయం తిరగనే తిరగదు, తక్కువ లోడ్ మీద ఆగి ఉండేలా చేశారు. మేలో మాత్రం ఆడినంతసేపూ తిరుగుతుంది, సీలింగ్ ఫ్యాన్ చప్పుడులో వినబడదు. కొనేముందు ఒకటి చూడాలి: ఆ వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తామంటున్నారని. కొన్ని 40 డిగ్రీలకే హామీ ఇస్తాయి, కొన్ని 50కి. కేబినెట్ లోపల 40 దాటడం మన దగ్గర పెద్ద విషయం కాదు, కాబట్టి 50 ఉన్నదే తీసుకోండి. అడుగున ఉన్న దుమ్ము జాలీని నెలకోసారి విప్పి కడుగుతాను, రోడ్డు పక్క ఇల్లు కాబట్టి ప్రతిసారీ బూడిదరంగు దుప్పటిలా పేరుకుని ఉంటుంది.

నచ్చనివీ ఉన్నాయి. 24 పిన్నుల వైరు మరీ బిర్రుగా ఉండి వంగదు, వెనక రేకు మూయడానికి మోకాలు పెట్టి నొక్కాల్సి వచ్చింది. ప్రాసెసర్ వైరు ఇంకో జానెడు పొడుగుంటే బాగుండేది. మాడ్యులర్ వైర్ల విషయంలో ఒక హెచ్చరిక: ఒక కంపెనీ వైరును ఇంకో కంపెనీ సప్లైకి పెట్టకండి. సప్లై వైపు పిన్నుల వరుసకు ఉమ్మడి ప్రమాణం లేదు. సాకెట్లో దూరుతుంది కదా అని పెడితే డిస్కులు కాలిపోవచ్చు.

ఇవాళ కొత్తగా కొంటే మాత్రం 750 తీసుకుంటాను. ఆర్‌టీఎక్స్ 5070కి 650 చాలంటున్నారు గానీ 5070 టీఐకి 750 అడుగుతున్నారు. సప్లై పదేళ్లుంటుంది, కార్డు మూడు నాలుగేళ్లకు మారుతుంది.

పోయిన వారం కరీంనగర్ నుంచి మా మేనబావ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. "బావా, 600 వాట్లదట, మూడు వేలకే ఇస్తున్నరు, తీసుకోవాల్నా?" అని. లేబుల్ ఫొటో పంపమన్నాను. 12 వోల్టుల గడిలో 25 ఆంపియర్లు ఉంది. 300 వాట్లు. వద్దన్నాను. ఆదివారం తన కార్డు పట్టుకుని మా ఇంటికొస్తున్నాడు, ముందు నా సప్లై మీద పెట్టి ఎంత తీసుకుంటుందో మీటర్‌లో చూసి, అప్పుడు కొందామనుకున్నాం.