ఆటోక్రాస్‌కు మొదటి తరం మియాటా: ఏళ్ల తరబడి నడిపిన అనుభవం

ఖాళీ మైదానంలో కోన్‌ల మధ్య ఒక్కో కారూ విడిగా గడియారంతో పోటీపడి పరుగెత్తే ఆటోక్రాస్ కోసం పాత కారు కొని స్వయంగా సిద్ధం చేసుకోవాలనుకునేవారు చాలావరకు ఇంజన్ శక్తి దగ్గరే లెక్కలు మొదలుపెడతారు. 1.6 లీటర్ల ఇంజన్ ఉన్న మొదటి తరం మజ్దా మియాటాను, అంటే గుడ్డ టాప్ ఉన్న చిన్న రెండు సీట్ల కారును, ఈ పోటీల్లో ఏళ్ల తరబడి నడిపిన తర్వాత నా అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధంగా స్థిరపడింది. కారు బరువు, వెడల్పు, బాడీ ఉన్న స్థితి, నిబంధనల ప్రకారం అది చేరే తరగతి, ఈ నాలుగూ చూసిన తర్వాతే శక్తి మాట ఎత్తాలి.

1989లో అమ్మకానికి వచ్చిన ఈ కారు అమెరికా రకంలో 116 హార్స్‌పవర్ మాత్రమే ఇస్తుంది. కాగితం మీద ఇది నిరుత్సాహకరమైన అంకె. అయితే ఖాళీ మైదానంలో కోన్‌లు పేర్చి వేసే మార్గంలో పరుగంతా ఇంచుమించు రెండో గేరులోనే సాగుతుంది. మామూలు సైజు టైర్లతో ఈ కారు రెండో గేరులో గంటకు 90 కిలోమీటర్లు దాటి వెళ్లగలదు కాబట్టి, మలుపుకూ మలుపుకూ మధ్య గేరు మార్చే పని దాదాపుగా ఉండదు. పొడవైన నేరు మార్గం వచ్చినప్పుడు శక్తిమంతమైన కార్లు నాకన్నా తక్కువ సమయం సాధిస్తాయన్నది నిజమే. అలాంటి భాగాలు మాత్రం ఒక పరుగులో తక్కువే ఉంటాయి.

వెడల్పు గురించి మాట్లాడేవారు తక్కువ, కానీ నాకు ఎక్కువ లాభం కలిగించింది అదే. మియాటా వెడల్పు సుమారు 1,675 మిల్లీమీటర్లు. స్లాలమ్‌లో, అంటే వరుసగా పెట్టిన కోన్‌లను ఒకదాన్ని ఎడమ నుంచి, తర్వాతిదాన్ని కుడి నుంచి చుట్టి వెళ్లే చోట, కారు మధ్యరేఖ ప్రతి కోన్‌కు కనీసం సగం కారు వెడల్పంత దూరంగా జరగాలి. 1.9 మీటర్ల కారుతో పోలిస్తే ఇది ఒక్కో కోన్ దగ్గర సుమారు 11 సెంటీమీటర్లు తక్కువ పక్కకు జరిగితే చాలు, అంటే అవే కోన్‌ల మధ్య దీని దారి మరింత నేరుగా ఉంటుంది, వేగం నిలుస్తుంది. అమెరికాలో ఈ పోటీలు నిర్వహించే ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నిబంధనల ప్రకారం ఒక కోన్‌ను పడగొడితే రెండు సెకన్లు కలుపుతారు. సెకనులో పదో వంతు తేడాతో స్థానాలు మారిపోయే ఆటలో అది కోలుకోలేని దెబ్బ. ముందు చక్రం సరిగ్గా ఎక్కడ ఉందో సీటులో కూర్చుని తెలుసుకోగలగడం వల్ల నేను కోన్‌లకు మరింత దగ్గరగా వెళ్లే ధైర్యం చేయగలిగాను.

ముందూ వెనకా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టుకునే అమరిక), రెండు ఇరుసుల మీదా ఇంచుమించు సమానంగా పడే బరువు, వెనక చక్రాల చోదనం కలిసి ఈ కారు ప్రవర్తనను ముందే ఊహించగలిగేలా చేస్తాయి. వెనక భాగం జారబోతున్నప్పుడు అది హఠాత్తుగా తిరగదు, కొంచెం ముందుగానే తెలియజేస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి గురువు దొరకదని నా నమ్మకం. అయితే సస్పెన్షన్ కదలడానికి ఉన్న దూరం తక్కువ. పొట్టి స్ప్రింగులు వేసి కారును కిందికి దించితే అది బంప్ స్టాపుల (సస్పెన్షన్ కదలికను చివర ఆపే రబ్బరు దిమ్మెల) మీద కూర్చుని మలుపు మధ్యలో పట్టు వదిలేస్తుంది. చూడడానికి అందంగా ఉంటుందని ఆ పని చేసేవారు చాలామందే ఉన్నారు. అదే డబ్బు మంచి షాక్ అబ్జార్బర్లకు, వాటి తర్వాత ముందువైపు లావుపాటి యాంటీ రోల్ బార్‌కు (మలుపుల్లో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీకి) పెట్టడం మేలు. సాధారణ డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండింటికీ శక్తిని పంచే గేర్ల పెట్టె) ఉన్న కారులో ఆ బార్ లోపలి వెనక చక్రాన్ని నేలకు అదిమి ఉంచుతుంది కాబట్టి, మలుపు నుంచి బయటపడేటప్పుడు ఆ చక్రం ఊరికే తిరగడం బాగా తగ్గుతుంది.

కొనేటప్పుడు ఇంజన్ చప్పుడు వినడానికి ముందు తలుపుల కింద ఉండే సిల్స్ వెనక చివరలను వేళ్లతో నొక్కి చూడాలి. గుడ్డ టాప్ మీద పడిన నీరు దిగే కాలువలు సీట్ల వెనక ఉంటాయి. అవి చెత్తతో పూడుకుపోతే నీరు లోపలే నిలిచి సిల్స్‌ను తుప్పు పట్టిస్తుంది. ఇంజన్ మార్చడం ఒక వారాంతపు పని, కుళ్లిన సిల్స్ బాగుచేయడం వెల్డింగు వచ్చినవారికి కూడా ఓపికను పరీక్షించే పని. 1990, 1991 తొలినాళ్ల 1.6 ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిగా ఉండి, పుల్లీ బిగింపు దగ్గర అరిగిపోయే లోపం ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఆ పుల్లీ అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపిస్తే ఆ కారును వదిలేయాలి. క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్ కారడం, ఇంజన్ వాల్వులను కదిపే లిఫ్టర్ల టకటక వంటివి బేరం తగ్గించడానికి పనికొచ్చే చిన్న లోపాలే.

ఒకే స్థితిలో రెండు కార్లు దొరికితే 1994 నుంచి వచ్చిన 1.8 లీటర్ల కారునే తీసుకోమంటాను. అందుకు కారణం దాని అదనపు శక్తి కాదు. దాని డిఫరెన్షియల్ పెద్దది, కొన్నింటిలో పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ శక్తి పంపే టోర్సెన్ రకం కూడా దొరుకుతుంది. నేలను గట్టిగా పట్టుకునే టైర్లతో పదే పదే బయలుదేరే కారులో 1.6 కార్ల చిన్న డిఫరెన్షియల్ బలహీనమైన భాగం. 1.8 కారు బ్రేకులు కూడా పెద్దవే, కానీ నిమిషం లోపు ముగిసే పరుగులో బ్రేకులు వేడెక్కి నీరసించే సందర్భం నాకు రాలేదు.

మార్పులు మొదలుపెట్టే ముందు నిబంధనలు చదవడం తప్పనిసరి. తక్కువ మార్పులకే అనుమతి ఉన్న ఎస్‌సీసీఏ స్ట్రీట్ విభాగంలో షాక్ అబ్జార్బర్లు మార్చవచ్చు, యాంటీ రోల్ బార్‌లలో ఒకదాన్ని మార్చవచ్చు, చక్రాల వెడల్పు మాత్రం కంపెనీ ఇచ్చినంతే ఉండాలి, టైర్ల ట్రెడ్‌వేర్ అంకె (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 200కు తగ్గకూడదు. ఒక టర్బో బిగించారంటే ఆ కారు స్ట్రీట్ విభాగం దాటి, విస్తృతంగా మార్చిన కార్ల మధ్యకు వెళ్లిపోతుంది. అక్కడ నెగ్గుకురావాలంటే పెట్టుబడి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అసౌకర్యాలు లేకపోలేదు. పోటీకి వేరే టైర్లు తీసుకెళ్లేవారికి ఈ కారు డిక్కీ ఏ మూలకూ సరిపోదు. పొడవైనవారికి హెల్మెట్ పెట్టుకుంటే తల టాప్‌కు తగులుతుంది. కారు బోల్తాపడితే తలను కాపాడే రోల్ బార్ వేస్తే సీటు వెనక్కి జరిగే దూరం ఇంకా తగ్గుతుంది. ఆరడుగులు దాటినవారు హెల్మెట్‌తో సహా కూర్చుని, స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి, మోకాళ్లకు అడ్డు తగలడం లేదని నిర్ధారించుకున్న తర్వాతే బయానా ఇవ్వాలి.