ఆర్గస్ సీ3: డబుల్ ఎక్స్‌పోజర్ల కోసమే అయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు

డబుల్ ఎక్స్‌పోజర్లు, అంటే ఒకే ఫ్రేమ్ మీద రెండు బొమ్మలు, తీయడానికి పాత రేంజ్‌ఫైండర్ (కిటికీలో కనిపించే రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేసే ఫిల్మ్ కెమెరా) ఏది కొనాలి అని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఆర్గస్ సీ3 పేరే. లైకా ఎం3 గొప్ప కెమెరా, కానన్ క్యానొనెట్ కూడా బావుంటుంది, కాదనను, కానీ వాటిల్లో లివర్ తిప్పితే ఫిల్మూ జరుగుతుంది షట్టరూ కాక్ అవుతుంది, అంటే తర్వాతి క్లిక్‌కి సిద్ధమవుతుంది, రెండూ కలిపి కట్టేశారు కదా. అదే ఫ్రేమ్ మీద మళ్ళీ తీయాలంటే ఫిల్మ్ బిగించి, రీవైండ్ బటనో లివరో పట్టుకుని, అప్పుడు తిప్పాలి, ఇంత అవస్థ పడ్డా ఫిల్మ్ కాస్త జరిగే అవకాశం ఉంది, అంటే రెండు బొమ్మలూ అనుకున్న చోట కలవవు.

సీ3లో ఈ గొడవే లేదు. ముందువైపు ఒక చిన్న లివర్ ఉంటుంది, కిందకి నొక్కితే షట్టర్ రెడీ, ఫిల్మ్ తిప్పే నాబ్‌కీ దానికీ సంబంధమే లేదు. క్లిక్, మళ్ళీ లివర్, మళ్ళీ క్లిక్, ఫిల్మ్ ఉన్నచోటే ఉంటుంది, రెండు కాదు నాలుగు బొమ్మలైనా వేసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, షట్టర్ కొట్టినప్పుడు ఆ లివర్ పైకి లేస్తుంది, వేలు అడ్డం ఉంటే స్పీడ్ దెబ్బతింటుంది, కాబట్టి కాక్ చేయగానే వేలు పక్కకి తీసేయాలి.

ఇది అమెరికాలో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో తయారైన కెమెరా, 1939 నుంచి 1966 దాకా చేశారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ టోనీ వక్కారో రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఉంటూ దీంతోనే ఫొటోలు తీశాడు, రాత్రిళ్ళు సైనికుల హెల్మెట్లలో కెమికల్స్ పోసి ఫిల్మ్ కడిగేవాడు. అంత మొండి కెమెరా.

ఇక ఎక్స్‌పోజర్ సంగతి. ఫిల్మ్ మీద రెండుసార్లు వెలుగు పడుతుంది కాబట్టి ఒక్కోదానికి ఒక స్టాప్ తగ్గించాలి, అంటే వెలుగు సగం చేయాలి. ఇందులో వెలుగు కొలిచే మీటర్ లేదు, షట్టర్ గరిష్ఠ స్పీడ్ సెకనులో 1/300 వంతు, కాబట్టి ఎండలో ఐఎస్‌ఓ 400 ఫిల్మ్ (ఈ అంకె పెరిగేకొద్దీ ఫిల్మ్‌కి తక్కువ వెలుగు చాలు) వేస్తే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్/16 పెట్టినా వెలుగు ఎక్కువైపోతుంది. నేనైతే ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 వేస్తాను, అది ఐఎస్‌ఓ 125, మంచి ఎండలో మామూలుగా ఎఫ్/16, 1/125 కావాలి, అదే ఎఫ్/16 ఉంచి 1/300కి మారిస్తే ఇంచుమించు ఒక స్టాప్ తగ్గినట్టే, రెండు క్లిక్‌లూ అలాగే కొట్టేయడమే.

నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఇంకోటుంది, అందులో ఈ సగం లెక్క కూడా అక్కర్లేదు. మా అమ్మాయిని పక్కకి తిప్పి ఆకాశం ముందు నిలబెట్టి, ఆకాశం తెల్లగా పడేలా ఎక్స్‌పోజర్ పెట్టి తీస్తే ముఖం నల్లగా పడుతుంది, అంటే ఫిల్మ్ మీద ఆ ముఖం ఉన్నచోట ఇంకా ఏమీ పడలేదన్నమాట. తర్వాత మూడడుగుల దూరంలో మాపుల్ ఆకుల్ని ఫ్రేమ్ నిండా తీస్తే, ఆకాశం ఉన్నచోట అప్పటికే తెల్లబడిపోయింది కాబట్టి అక్కడ ఆకులు కనపడవు, ముఖంలో మాత్రమే కనిపిస్తాయి. నుదురు దగ్గర ఈనెలతో సహా వచ్చింది ఒక ఫ్రేమ్‌లో, ఫోన్ యాప్‌లో ఎంత కలిపినా నాకు ఆ అందం రాలేదు.

ఇబ్బందులు లేవని కాదు. వ్యూఫైండర్ మరీ చిన్నది, కళ్ళద్దాలున్నవాళ్ళకి మూలలు కనిపించవు, ఫోకస్ చూసే కిటికీ వేరు ఫ్రేమ్ చూసే కిటికీ వేరు. దగ్గర్నుంచి తీస్తే కిటికీలో కనిపించినదానికీ ఫిల్మ్ మీద పడేదానికీ తేడా వస్తుంది, అందుకే రెండో బొమ్మకి ఆకుల్లాంటివి ఫ్రేమ్ అంతా పరుచుకున్నవి ఎంచుకోండి. మెడలో వేసుకోడానికి కొక్కేలు కూడా లేవు, లెదర్ కేస్‌తో కలిపి అమ్మేది దొరికితే అదే తీసుకోండి. కొనేముందు తక్కువ స్పీడుల్లో షట్టర్ ఆగి ఆగి తెరుచుకుంటోందా అని, ఫోకస్ చూసే కిటికీలో కలపాల్సిన రెండో బొమ్మ ఇంకా కనిపిస్తోందా అని అమ్మేవాళ్ళని చూపించమనండి, ఈ రెండూ బావుంటే మిగతావి సర్దుకోవచ్చు.